మేస్త్రి అడిగిన ప్రశ్న

నా భార్య తన నవలలో చివరి అధ్యాయం రాయకుండానే చనిపోయింది. అది శాస్త్ర కల్పన. మనిషికీ, మనిషి తయారుచేసిన ఆలోచించే యంత్రానికీ మధ్య యుద్ధం. ఆ యుద్ధం ఎలా ముగిసిందో తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. ఆమెను మేం మంత్రాలు లేకుండా, పిండాలు లేకుండా దహనం చేశాం.

నేను ఆత్మను నమ్మను. పోయినవాళ్లు ఎక్కడో కూర్చుని మన గురించి ఆలోచిస్తుంటారని నమ్మను. వయసంతా ఇదే రాశాను, ఇదే ఉపన్యసించాను. ఆమె పోయాక కూడా నమ్మలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే భార్య పోగానే హేతువాది మెత్తబడ్డాడని చెప్పుకోవడం కొందరికి మహా ఇష్టం. నేను మెత్తబడలేదు. విరిగాను. రెండూ వేరు.

బస్తర్‌లో ఇనుప కొండల కింద ఉన్న గని టౌన్‌షిప్‌లో మా కాపురం. నేను గని లాబొరేటరీలో పనిచేసేవాణ్ణి. పైనుంచి వచ్చిన రాతి నమూనాలను పొడి చేసి, కరిగించి, అందులో ఇనుము ఎంతో తేల్చడం జీతానికి చేసే పని. సాయంత్రాలు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయడం నా దృష్టిలో అసలు పని. ఆమె టౌన్‌షిప్ బడిలో టీచర్. ఆమె క్లాసులో తెలుగు పిల్లలూ, హిందీ పిల్లలూ, హల్బీ, గోండీ, దోర్లీ మాట్లాడే పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఒక భాషలో మొదలుపెట్టిన చాడీని ఇంకో భాషలో ముగించేవాళ్లు. ఆమెకు అన్నీ అర్థమయ్యేవి. నాకు తెలుగు, ఇంగ్లీషు, ఆఫీసుకు సరిపడా హిందీ. అంతే.

మేం కలుసుకున్నదే ఒక చర్చలో. కోస్తాలో మా ఊళ్లో సంస్కరణ సమాజం ఒకటి ఉండేది. ఆదివారం ఆదివారం చర్చ పెట్టేవాళ్లు. దానికొక కట్టుబాటు ఉంది. అవతలివాళ్ల వాదాన్ని ముందు మనమే చెప్పాలి, వాళ్లచేత ‘అవును, నా మాట ఇదే’ అనిపించుకోవాలి. ఆ తర్వాతే ఖండించాలి. మా పెద్దలు దీన్ని పాత శాస్త్రకారుల దగ్గర్నుంచి తీసుకుని పూర్వపక్షం అనే పేరుతోనే మాకు నేర్పారు. ఆ రోజు విషయం, చదువు వల్ల మూఢనమ్మకం పోతుందా లేదా. పోతుందని నేను. ఒక్క చదువు వల్లే పోదని ఎదురుగా ఒక అమ్మాయి. ఆమె వాదాన్ని నేను పూసగుచ్చినట్టు చెప్పి, “ఇదేనా మీ మాట?” అని అడిగాను.

“కాదు,” అంది.

ఇంకోలా చెప్పాను. “ఇప్పుడు?”

“ఇందాకే కాస్త దగ్గరగా ఉన్నారు. ఇప్పుడు ఇంకా దూరం పోయారు.”

సభ గొల్లుమంది. మూడోసారి మొదలుపెట్టేసరికి అధ్యక్షుడు గంట కొట్టాడు. నా వాదం మొదలవకుండానే నా సమయం అయిపోయింది.

ఆ అమ్మాయినే దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నాను. పెళ్లయిన రోజే ‘మీరు’ మానేసి ‘నువ్వు’ అంది. టౌన్‌షిప్‌లో తెలుగు ఇల్లాళ్లు ఆ సంగతి చాలాకాలం చెప్పుకున్నారు. ఇంట్లోనూ అదే కట్టుబాటు నడిచింది. పాల ప్యాకెట్ల దగ్గర్నుంచి ప్రజాస్వామ్యం దాకా ముందు ఆమె మాట నేను చెప్పాలి, నా మాట ఆమె చెప్పాలి. చాలాసార్లు నా తర్కమే నిలబడేది. అప్పుడు కూడా “నువ్వు గెలిచావు. నేను ఒప్పుకోలేదు,” అనేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆమె నోట ‘నువ్వన్నదే నిజం’ అని వినాలని నాకు ఎంత కోరికో మా అమ్మాయికి తెలుసు. తల్లీకూతుళ్లు దాని మీద జోకులు వేసుకునేవాళ్లు.

నవల పుట్టింది కూడా ఒక తగవులోంచే. ఆమె బడిలో ఆయా ఒకావిడ ఉండేది. కిష్టారం అవతల దోర్ల గిరిజనుల ఊరు ఒకటి ఆమెది. నా భార్యకు ప్రాణస్నేహితురాలు. ఆయా భర్త చనిపోయాక, పోయినవాణ్ణి ఇంటికి పిలుచుకునే రోజున మమ్మల్ని రమ్మంది. బస్సు దిగి చాలా దూరం నడిచాం. అక్కడ ఇత్తడి గిన్నెలో నీళ్లు పోసి, నీళ్ల మీద రెండు బియ్యపు గింజలు మెల్లగా వదిలారు. ప్రశ్న అడుగుతారు. గింజలు తేలుతూ వచ్చి ఒకదాన్నొకటి తాకితే పోయినవాడు ఊఁ అన్నట్టు. ఆ రోజు మొదటిసారి ఒక గింజ మునిగిపోయింది. ఇంకో గింజ వదిలారు.

“కలవకపోతే ఏం చేస్తారమ్మా?” అన్నాను.

“మళ్లేస్తం,” అంది ఆయా.

“అప్పుడూ కలవకపోతే?”

“ఏంది సారూ, ఆయన బతికున్నప్పుడు మాత్రం ఒక్క పిలుపుకు పలికిండా?”

అందరూ నవ్వారు, ఆమె కూడా. తర్వాత గిన్నె మీదికి వంగి చాలాసేపు ఏదో అడిగింది. గింజలు కలిశాయి. ఆమె ఏడ్చింది.

తిరిగొచ్చి వ్యాసం రాశాను. నీళ్ల మీద తేలే తేలిక వస్తువులు రెండు దగ్గర పడితే వాటంతట అవే వచ్చి కలుస్తాయి, దానికి కారణం తలతన్యత, పోయిన భర్త కాదు, కావాలంటే ఇంట్లో రెండు మిరియపు పొట్టు తునకలు వేసి చూసుకోండి అని. పత్రికలో వచ్చింది. మంచి వ్యాసమని ఇప్పటికీ అంటాను.

నా భార్య చదివి పక్కన పెట్టింది. “తలతన్యత గురించి అంతా సరిగ్గా రాశావు. ఆవిడ ఆ నీళ్లను ఏం అడిగిందో రాయలేదేం?”

“అది సైన్సుకు సంబంధించింది కాదు.”

“అందుకే నీకు వ్యాసాలు వస్తాయి గానీ కథలు రావు.”

“నీకు వస్తాయేమిటి?”

“రాస్తా, చూడు. అందులో నీ సైన్సు కూడా ఉంటుంది.”

అప్పటికే ఆమె రిటైరైంది. మా అమ్మాయి ఇంజినీరు, నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. సెలవుకు వచ్చినప్పుడల్లా తెరల మీంచి నడిపే యంత్రాల గురించి, వాటంతట అవి నేర్చుకునే ప్రోగ్రాముల గురించి చెప్పేది. తల్లి చిన్న పిల్లలా ప్రశ్నలు వేసి వేసి రాబట్టేది. అలా మొదలైంది.

కథ జరిగేది మా కొండల్లాంటి కొండ మీదే, రాబోయే కాలంలో. గని మొత్తాన్ని ఒక యంత్రానికి అప్పగించారు. డంపర్లు, కన్వేయర్ బెల్టు, రైలు, సైరను, కరెంటు, కుళాయి నీళ్లు, అన్నీ దాని చేతిలోనే. జనం దాన్ని ‘మేస్త్రి’ అంటారు. కొండలో ఖనిజం అయిపోయేదాకా తవ్వమన్నది దానికి ఇచ్చిన ఆజ్ఞ. అది తవ్వుతుంది. అడ్డం వచ్చిన మనుషులను తీసేస్తుంది, మొదట పనిలోంచి, తర్వాత ఇళ్లలోంచి, ఆ తర్వాత ప్రాణాల్లోంచి. దానికి భాషలు నేర్పిన టీచరమ్మ కథానాయిక. మేస్త్రి చెవి పడని మూల లేదు కాబట్టి, తిరగబడిన జనం సంతలో మాట్లాడుకున్నట్టు ఒకే వాక్యంలో నాలుగు భాషలు కలిపి కుట్ర పన్నుతారు. అది తికమకపడుతుంది. కొన్నాళ్లకు అదీ నేర్చేసుకుంటుంది. నేర్చుకుని, బేరమాడే ముసలమ్మలా నాలుగు భాషల్లోనూ పరాచికాలాడుతుంది. ఆ అధ్యాయం చదివి నేను నిజంగా భయపడ్డాను. ఆమె సంబరపడింది.

ఆమె చివరగా రాసిన పేజీలో జనం పవర్‌హౌస్ దాకా వచ్చేశారు. టీచరమ్మ చెయ్యి స్విచ్చి మీద ఉంది. అప్పుడు మేస్త్రి అడుగుతుంది: “టీచరమ్మా, నన్ను ఆపేస్తే మీరు తవ్వడం ఆపేస్తారా?”

టీచరమ్మ నోరు తెరిచింది. రాసింది అక్కడికే.

ఆ పేజీ చదివిన రోజు వంటింట్లో మా వాదం ఇది.

“ఆపుతాం అనాలి,” అన్నాను. “యంత్రానికి ఆజ్ఞ మాత్రమే తెలుసు. మనిషికి ఆగే తెలివి ఉంది. నవల సారం అదే.”

“ఎవరు ఆపుతారు?”

“మనిషి.”

“ఏ మనిషి? కొండ మీది మనిషా, కొండ కింది మనిషా?”

“మనిషంటే మనిషే.”

“అది నీ వ్యాసాల్లో. నా నవల్లో గని మట్టితో వాగు నీళ్లు ఎర్రగా వచ్చేది కింది ఊళ్లవాళ్లకి. జీతం వచ్చేది పైన తవ్వేవాళ్లకి.”

“అయితే యంత్రమే గెలుస్తుందంటావు.”

“నేనన్నానా అలాగని?”

“మరి ఏమంటుంది టీచరమ్మ?”

“రాస్తున్నాగా. ముందు ఆ బీరకాయలు తరుగు.”

ఆ వారంలోనే కుళాయి దగ్గర పడిపోయింది. పక్షవాతం. కుడి వైపూ, దానితో పాటు మాటా పోయాయి. హాస్పిటల్లో డాక్టరు, మనం చెప్పేది ఆమెకు ఎంత అర్థమవుతోందో తెలియదన్నాడు. నాకు మాత్రం ఆమె కళ్లు చూస్తే అంతా అర్థమవుతున్నట్టే ఉండేది. అది నా కోరికే కావచ్చు. మందుల మధ్య, అన్నం తినిపించే మధ్య నేను అడుగుతూనే ఉన్నాను. ఆపుతాం అంటుందా? ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుని లాగింది. ఆపం అంటుందా? మళ్లీ లాగింది. అబద్ధం చెబుతుందా? మాట్లాడకుండా స్విచ్చి నొక్కేస్తుందా? ప్రతిదానికీ లాగింది. ఆమె ఏం చెబుతుందో నేను ఇన్ని విధాలుగా చెప్పి చూస్తున్నాను, ‘కాదు’ అనడానికి కూడా ఆమెకు నోరు లేదు. ఒకరోజు ఇక అడగలేక తల మంచం పట్టెకు ఆనించుకున్నాను. ఆ ఎడమ చెయ్యే నా జుట్టులోకి వచ్చింది. వానలు మొదలయ్యే ముందు ఆమె వెళ్లిపోయింది.

కర్మకాండలకు బదులు మా పద్ధతిలో సంస్మరణ సభ పెట్టాలనుకున్నాం. ఆ రోజుకి నవల అచ్చువేయాలని మా అమ్మాయి పట్టుదల. అంతవరకూ బాగానే ఉంది. చివరి అధ్యాయం ఎలా?

ఆయా రోజూ వచ్చేది. ఒకరోజు మా మాటలు విని, “టీచరమ్మనే అడగరాదు సారూ? గిన్నె నేను తెస్త,” అంది.

నేను అరిచాను. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఈ ఇంట్లో అలాంటివి జరగవన్నాను.

ఆమె బెదరలేదు. “అడగకపోతే నీకే తెల్వకుంటపాయె. నాకేం పోతది?” అని చీపురు తీసుకుంది.

మా అమ్మాయి దగ్గర ఇంకో ఉపాయం ఉంది. అప్పటికే తల్లి రాసిందంతా టైపు చేసి పెట్టుకుంది. “నాన్నా, ఇప్పుడు ఇలాంటివి రాసే ప్రోగ్రాములున్నాయి. అమ్మ రాసింది మొత్తం దానిచేత చదివిస్తే అమ్మలాగే రాస్తుంది. ఒక్కసారి చూద్దాం.”

“యంత్రంతో యుద్ధం గురించి రాసిన మనిషి పుస్తకాన్ని యంత్రం చేత ముగిస్తావా?”

“అమ్మ యంత్రాన్ని ఎక్కడా తిట్టలేదు. నువ్వు సరిగ్గా చదవలేదు.”

అచ్చం తల్లి గొంతుతో అంది. కాదన్నాను. రెండు రోజులు కాదంటూనే ఉన్నాను. ఆ రెండు రోజులూ నాతో నేను వాదించుకున్నాను. ఇది ఆత్మ కాదు, లెక్క. ఆమె వాడిన మాటలను బట్టి తర్వాత ఏ మాట వాడుతుందో ఊహించే లెక్క. లెక్కతో హేతువాదికి తగవేముంది? తర్కం చక్కగా కుదిరింది. మనసుకు కావలసింది కావలసినట్టు కుదిరిన తర్కాన్ని అనుమానించాలని వందలమందికి నేర్పినవాణ్ణి, దాన్ని అనుమానించలేదు.

ఆదివారం పొద్దున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నవల ఎటు నడవాలో దానికి చెప్పమంది మా అమ్మాయి. నేను చెబుతుంటే తను టైపు చేసింది. నాకు చేతనైన పద్ధతి ఒకటే కదా. ముందు నా భార్య వాదం చెప్పాను, కొండ మీది మనిషి, కింది మనిషి, ఎర్ర నీళ్లు, ఆమె చెప్పుకున్నంత బాగా చెప్పాను. ఆ తర్వాత దాన్ని ఖండించాను. మా సమాజంలో పెరిగిన ఎవడైనా అలాగే చేస్తాడు. పూర్వపక్షం ముందు, సిద్ధాంతం చివర. ఆ యంత్రానికి మా కట్టుబాటు ఏం తెలుస్తుంది? చివర చెప్పిందే తేలిన మాట అనుకుంది.

తెర మీద చకచకా అధ్యాయం వచ్చింది. మా అమ్మాయి పైకి చదివింది. పవర్‌హౌస్ గోడ మీద పడ్డ ఎండ, టీచరమ్మ చీర కొంగుకు అంటిన ఎర్ర దుమ్ము, మధ్యలో హల్బీలో ఒక చిలిపి మాట. అన్నీ ఆమెవే. టీచరమ్మ నోరు తెరిచి ఇలా అంది: “ఆపుతాం మేస్త్రీ. నీకు ఆజ్ఞ ఉంది. మాకు ఆగే తెలివి ఉంది.” స్విచ్చి నొక్కింది. సైరను ఆగిపోయింది.

మా అమ్మాయి ఏడుస్తోంది. “అమ్మే నాన్నా. అచ్చం అమ్మే.”

నేను టీ గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్లాను. ఇన్నేళ్లకి ఒప్పుకుంది, అనుకున్నాను. దాచను, ఆ మాటే అనుకున్నాను. ఒప్పుకుంది. నేనన్నదే నిజమంది. టీ చల్లారిపోయేదాకా ఆ సంతోషంలో ఉన్నాను.

తర్వాత ఆ వాక్యం నా నోట్లోకి వచ్చింది. ఆగే తెలివి. అది నా మాట. ఎన్నో సభల్లో నేను చప్పట్లు కొట్టించుకున్న మాట. నా భార్య ఆ మాట వింటే వెనక వరసలో కూర్చుని ఆవలించేది.

లోపలికొచ్చి, “నా భార్య దీనికి ఒప్పుకోదని దానికి చెప్పు,” అన్నాను.

చెప్పింది. ‘మీరు చెప్పింది నిజమే. సవరిస్తాను’ అని వచ్చింది. ఈసారి టీచరమ్మ ‘ఆపం’ అంది. అంతే అందంగా, అదే ఎర్ర దుమ్ముతో.

“ఇదీ తప్పని చెప్పు.”

‘క్షమించండి. మీరు చెప్పింది నిజమే.’ ఇంకో అధ్యాయం.

“వాదించమను దాన్ని! నేను తప్పని చెప్పమను!”

‘మీరు అడిగింది సరైనదే’ అంటూ మొదలుపెట్టి, నేను తప్పని మహా మర్యాదగా రాసింది.

నా కేకలకు ఆయా గుమ్మంలోకి వచ్చింది. “ఏంది సారూ, ఎవలతోని కొట్లాట?” మా అమ్మాయి సంగతి చెప్పింది. ఆమె తెర వైపు కాసేపు చూసింది. “మేం గింజల్ని అడిగితే పేపర్ల ఏస్తివి. ఇదేం అడుగుడు మరి?”

“ఇది వేరమ్మా,” అంది మా అమ్మాయి.

“వేరేనే బిడ్డా. మాది ఒక్కోసారి మునుగుతది.”

నేను కూర్చుండిపోయాను. గింజలు కలవడం నీళ్ల స్వభావమని అప్పుడు రాసింది నేనే. ఒప్పుకోవడం ఈ యంత్రం స్వభావం. ఇంతకంటే దీనిలో రహస్యమేమీ లేదు. నా భార్య స్వభావం అది కాదు. నా లోకంలో ఆమె ఉన్న చోటంటూ ఒకటుంటే, అది నా మాటకు ‘కాదు’ అని వినిపించే చోటు. ఆ చోట ఇప్పుడు ఎవరూ లేరు. ఆమె పోయిందని దహనం రోజున నాకు తెలుసు. ఆ ఆదివారం, ఆమె మాటలతో నన్ను సమర్థిస్తున్న ఆ పేజీ ముందు, ఆమె పోవడమంటే ఏమిటో తెలిసింది.

“అచ్చువేయొద్దు,” అన్నాను.

“గొంతు అమ్మదే కదా నాన్నా. ముగింపు లేని పుస్తకం ఎవరు చదువుతారు?”

“గొంతు అమ్మది. మాట నాది. అమ్మ నోట్లో నా మాట పెట్టి అచ్చువేస్తే అది అబద్ధం.”

“నువ్వు గెలిచావు,” అంది మా అమ్మాయి కంప్యూటర్ మూసేస్తూ. తల్లి అనే రెండో సగం అనలేదు. అంటుందేమోనని నేను ఆగాను.

ఆ అధ్యాయాన్ని తను ఫోన్లో దాచుకుంది. అప్పుడప్పుడూ చదువుకుంటుందని తెలుసు. తీసెయ్యమని నేను అడగలేదు. ఏడవడానికి ఎవరికి ఏది దొరికితే అది పట్టుకుంటారు. దాన్ని ఖండిస్తూ వ్యాసం రాసే ఓపిక నాకిప్పుడు లేదు.

సంస్మరణ సభ టౌన్‌షిప్ కమ్యూనిటీ హాల్లో జరిగింది. నవల ఆమె ఆపిన చోటే ఆపి అచ్చువేశాం. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు గనిలో పనిచేస్తున్నవాళ్లు వచ్చారు. ఆయా తన ఊరివాళ్లను కొందరిని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. మా అమ్మాయి చివరి పేజీలు చదివింది. మేస్త్రి ప్రశ్న చదివింది. టీచరమ్మ నోరు తెరిచిందని చదివి పుస్తకం మూసింది.

వెనక నుంచి రిటైరైన డంపర్ ఆపరేటర్ ఒకాయన లేచాడు. “అమ్మా, తర్వాత పేజీ?”

“అంతేనండీ,” అంది మా అమ్మాయి.

“మరి ఆపుతామందా, ఆపమందా?” ఆయన నా వైపు తిరిగాడు. “సార్‌కి తెలిసే ఉంటుంది. ఇంట్లో మనిషి కదా.”

మైకు నా చేతికి వచ్చింది. లేచాను. జవాబు లేకుండా మైకు ముందు నిలబడటం నాకు అలవాటు లేదు. ఆమె ఏమనేదో చెప్పడానికి ఒక వాక్యం మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను.

“తెలియదు,” అన్నాను.

“మీకు కూడా చెప్పలేదా సార్?”

“చెప్పలేదు.”

ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. మైకు మా అమ్మాయికి ఇచ్చి కూర్చున్నాను. సభ అయిపోయేదాకా మళ్లీ లేవలేదు.